ముప్పై మీటర్ల గౌరవం

మా మండలంలో నాయకుల సమాధులేవీ లేవని నేను రాసి పంపిన నివేదిక రెండుసార్లు వెనక్కి వచ్చింది. మొదటిసారి దాని మీద ఎర్ర సిరాతో "శూన్యం అంగీకరించబడదు" అని ఉంది. రెండోసారి "మరల పరిశీలించుము" అని ఉంది. మూడోసారి కాగితం రాలేదు, నాకే కబురు వచ్చింది.

ఎంపీడీవో కళాధరరావు గారు మామూలుగా మాట్లాడినా ఫైలు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కూడా "సదరు ఉప్మాలో ఉప్పు తగ్గినట్లు తెలియవచ్చుచున్నది" అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు. నేను వెళ్ళేసరికి నా నివేదికని రెండు వేళ్ళతో పట్టుకుని ఉన్నారు.

"స్వాతంత్ర్యానంతరం ఈ మండలంలో ఎన్నికలు జరిగియున్నవా, లేదా?"

"జరిగాయండి."

"గెలిచినవారిలో దివంగతులైనవారు ఒక్కరూ లేరా?"

"ఉన్నారండి. కానీ ఇక్కడ లేరు."

నా మాటలో అబద్ధం లేదు. మా వైపు నాయకుడు పుట్టడం ఇక్కడే పుడతాడు, ఓట్లు ఇక్కడే అడుగుతాడు. గెలిచాక మాత్రం రాజధానిలో ఉంటాడు, జబ్బు చేస్తే అక్కడి పెద్దాసుపత్రిలో చేరతాడు, పోతే అక్కడే కాలుస్తారు. మా వాటాకి వచ్చేది ఒక ఫ్లెక్సీ. ఇక ఊళ్ళోనే ఉండి ఊళ్ళోనే పోయిన పాత ప్రెసిడెంట్లున్నారు. వాళ్ళనీ కాల్చారు, వాళ్ళని కాల్చిన చోటే తర్వాత వేరేవాళ్ళని కాల్చారు. ఏ బూడిద ఏ పార్టీదో ఎవరు చెప్పగలరు?

ఇదంతా ఎక్కడ మొదలైందంటే, మా శాఖ పెద్ద ఒకాయన విదేశీ యాత్రకి వెళ్ళారు. అక్కడ ఏదో పల్లెటూరి జిల్లాలో, తమ నాయకులని ఎక్కడెక్కడ పూడ్చారో వరసగా రాసిపెట్టిన జాబితా ఒకటి ఆయన కంటపడింది. ఎవరో పనిలేని ముసలాయన పొద్దుపోక చేసుకున్న పని అది. మన దగ్గరికి వచ్చేసరికి జీవో అయింది. పేరు "ప్రజాసేవక సమాధి గౌరవ పథకం". దానికి పంతొమ్మిది గడుల ఫారం ఒకటి తయారైంది, మండలం మొత్తానికీ దాన్ని నింపే పని పంచాయతీ సెక్రటరీనైన నా మీద పడింది. పేరు, పదవి, సమాధి పొడవు, వెడల్పు, లోతు, తల ఏ దిక్కు, ఇలా పోయి పోయి పద్నాలుగో గడిలో "దివంగతుని ప్రస్తుత స్థితి" అని ఉంది.

"ఈ గడిలో ఏం రాయాలండీ?" అని అడిగాను.

"సంతృప్తికరం అని రాయవయ్యా. ఏ ఫారంలోనైనా ప్రస్తుత స్థితి సంతృప్తికరమే" అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "చుట్టుపక్కల మండలాలన్నీ రెండేసి, మూడేసి సమాధులు చూపించియున్నవి. మనం సున్నా చూపితే మన మండలంలో ప్రజాస్వామ్యం లేనట్లు భావింపబడును. సాయంత్రంలోగా ఒక్క సమాధి అయినా చూపించు. లేనిచో నీ మీద చర్య" అన్నారు.

ఆ క్షణాన నేను నోరు మూసుకుని ఉండవలసింది. కానీ ఉద్యోగం తీపి. "మా ఊళ్ళో ఎస్తేరమ్మ ఉందండీ" అన్నాను.

ఎస్తేరమ్మ మా బొగ్గరపాడు పంచాయతీకి ఐదేళ్ళు సర్పంచి. స్థానం రిజర్వు అయింది గనక వీరరాఘవులు గారు ఆమెని నిలబెట్టారు. వీరరాఘవులు గారంటే మా ఊరి పెద్దమనిషి. మిరప మీద బతికే ఊళ్ళో సగం మిరప ఆయనదే, పైగా ఎమ్మెల్యే గారికి వియ్యంకుడు. ఎస్తేరమ్మ ఆయన చేలోనే కాయలు కోసేది. సర్పంచి అయ్యాక కూడా కోసింది. ఆఫీసు కుర్చీలో వీరరాఘవులు గారి తమ్ముడు కూర్చునేవాడు, ఆమె గుమ్మం దగ్గర నిలబడేది. సంతకం అవసరమైతే చేలోకి కబురు వెళ్ళేది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, వేలిముద్ర వేసి, పక్కన సర్పంచి రబ్బరు ముద్ర కొట్టి, మళ్ళీ సాలు పట్టుకునేది. అప్పుడు కూడా సెక్రటరీని నేనే. ఆ కుర్చీ ఆమెదని నేనూ ఎన్నడూ అనలేదు.

ఒక్కసారి మాత్రం ఆమె మొండికేసింది. ఊరికి వాగు వైపున పల్లె ఉంది, అంటే దళితవాడ. అక్కడ ఎవరైనా పోతే పూడ్చుకోవడానికి జాగా లేక వాగు ఒడ్డున ఇసకలో పెట్టేవాళ్ళు. వాగు పొంగితే శవాలు బయటికొచ్చేవి. వీరరాఘవులు గారి చేలోకి పోయే సిమెంటు రోడ్డు కాగితం మీద ముద్ర కొట్టమన్నప్పుడు ఎస్తేరమ్మ ఆ రబ్బరు ముద్రని కొంగున ముడేసుకుని కలుపుకి వెళ్ళిపోయింది. "మా సచ్చినోళ్ళకి జాగా సూపిచ్చినాకనే ముద్ర" అంది. బతిమాలారు, బెదిరించారు. ఆమె పదిహేడు రోజులు ఆ ముడి విప్పలేదు. పద్దెనిమిదో రోజున వీరరాఘవులు గారి మిరప చేనుని ఆనుకుని ఉన్న నలభై సెంట్ల బంజరు పల్లెకి శ్మశానం కింద రాసిచ్చారు. ఐదేళ్ళలో ఆమె చేసిన రాజకీయం అంతే.

పదవి దిగిన రెండేళ్ళకి పచ్చకామెర్లతో పోయింది. తను తెచ్చిన జాగాలోనే, నట్టనడిమిన పెట్టారు. ఆ పల్లెలో ఒక ఆనవాయితీ ఉంది. మొగుడూ పెళ్ళాల్లో ఒకరు ముందు పోతే, రెండోవాళ్ళు ఆ సమాధి పక్కనే తమ చోటుకి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతుకుంటారు. ఆ రాళ్ళ మధ్య ఇంకెవరూ కాలు పెట్టరు. ఎస్తేరమ్మ మొగుడు జక్రయ్య కూడా పాతుకున్నాడు. అప్పటికి తొమ్మిదేళ్ళయింది.

నా నివేదిక ఈసారి వెనక్కి రాలేదు. మనుషులే వచ్చారు. ఒక సర్వేయరు, ఇద్దరు ఇంజనీర్లు, కళాధరరావు గారు, ఒక శాలువా. శాలువాని ఎస్తేరమ్మ సమాధికి కప్పి ఫోటో తీసుకుని మళ్ళీ మడిచి జీపులో పెట్టారు, పక్క మండలంలో కావాలట. బతికున్నన్నాళ్ళూ ఆమెకి కుర్చీ ఇవ్వని వీరరాఘవులు గారు సమాధి దగ్గర రెండు నిమిషాలు మౌనం పాటించి, ఆ తర్వాత, "మరి మా బోటివాళ్ళకి ముందుగానే చోటు రాసిపెడతారా?" అని అడిగారు. ఆయన దృష్టి హైవే పక్కన స్థలం మీద ఉంది. "సజీవ విభాగం పరిశీలనలో ఉన్నది" అన్నారు కళాధరరావు గారు.

జీవో ప్రకారం ప్రజాప్రతినిధి సమాధి చుట్టూ ముప్పై మీటర్ల దూరం వరకూ గౌరవ వలయం. ఆ వలయంలో దున్నకూడదు, మోటారు పెట్టకూడదు, అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ప్రజాప్రతినిధులని తప్ప వేరెవరినీ పూడ్చకూడదు. సర్వేయరు ఎస్తేరమ్మ తలాపున గొలుసు బిగించి తిరిగాడు. నలభై సెంట్లకి నలభై సెంట్లూ లోపల పడింది. గీత అక్కడితో ఆగకుండా ఒక పక్క వాగులోకి పోయింది, ఇంకో పక్క డొంకలోకి పోయింది, మరో పక్క వీరరాఘవులు గారి మిరప చేలోకి పది మీటర్లు పోయింది. వీరరాఘవులు గారు దగ్గారు. ఆ పక్కన గీత లోపలికి వంగింది. వాగు దగ్గలేదు గనక ఆ వైపు గుండ్రంగానే ఉంది.

"ఇప్పటికే లోపల ముప్పై ఆరు మంది ఉన్నారండీ, మామూలువాళ్ళు" అన్నాను.

"వారిని అనధికార ఆక్రమణదారులుగా నమోదు చేయుము. నోటీసులు జారీ చేయుము."

చేశాను. ముప్పై ఆరు నోటీసులు ముప్పై ఆరు సమాధులకి గంజి పెట్టి అంటించాను. పదిహేను రోజుల్లో ఎవరూ జవాబు ఇవ్వలేదు. అందువల్ల వారికి అభ్యంతరం లేనట్లు రాసుకున్నాను. చుట్టూ ఇనప కంచె వచ్చింది, గేటు వచ్చింది, తాళం వచ్చింది, గ్రానైటు పలక వచ్చింది. తాళంచెవి నాకిచ్చారు.

నవంబరు రెండో తారీకున సమాధుల పండగ. ఆ రోజు పల్లెలో ఇంటిల్లిపాదీ సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. జక్రయ్య పొద్దున్నే సున్నం బక్కెట్టుతో గేటు ముందు నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి, ఉబ్బసం. చేతిలో ఈతాకు కుంచె.

"తాళం తియ్యి సెక్రటరీ బాబూ. ఆమెకి సున్నం ఎయ్యాల."

"సున్నం వెయ్యకూడదు పెద్దాయనా. గౌరవ సమాధికి రసాయనాలు తగలకూడదని రూలు."

"సున్నమా? సున్నం రసాయనమా?"

"పైన రాశారు."

"పోనీ, నేనే ఓసారి సూసొస్తా."

"దరఖాస్తు పెట్టుకోవాలి. మృతురాలితో నీకున్న సంబంధానికి రుజువు జత చెయ్యాలి."

"నలబయ్యేళ్ళు ఆమె సేతి కూడు తిన్నా. అది కాయితం మీద యాడ దొరుకుద్ది బాబూ?" అన్నాడు. బక్కెట్టు అక్కడే పెట్టి, ఆ సున్నాన్ని గేటు స్తంభాలకి వేసి వెళ్ళిపోయాడు. ప్రభుత్వ ఆస్తికి అనుమతి లేకుండా సున్నం వేసినందుకు నేను కేసు పెట్టవలసింది. పెట్టలేదు. నా ధైర్యం అంతవరకే.

ఆ నెల మధ్యలో పల్లెలో దానమ్మ పోయింది. ప్రజాప్రతినిధి కాదు గనక వాగు ఒడ్డున ఇసకలో పెట్టారు. వారం తిరక్కుండా తుపాను వాన పడింది. ఎస్తేరమ్మ పదిహేడు రోజులు ముడి విప్పకుండా ఆపిన పని మళ్ళీ జరిగింది. దానమ్మ కొడుకులు నడుంలోతు నీళ్ళలో దిగి తల్లిని వెతికి తెచ్చి, కాస్త ఎగువన మళ్ళీ ఇసకలోనే పెట్టారు. నేను ఒడ్డున గొడుగు వేసుకుని నిలబడ్డాను. జేబులో తాళంచెవి ఉంది.

మర్నాడు పైకి ఒక ఉత్తరం రాసి, కళాధరరావు గారికీ చెప్పాను. ఆయన కూడా మనిషే, కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత జీవో చూశారు.

"ప్రజాప్రతినిధులు కానివారు ప్రజలు. ఈ పథకం ప్రజలకు వర్తించదు. ప్రజల నిమిత్తం ప్రత్యామ్నాయ స్థలం పరిశీలనలో ఉన్నది."

"ఎన్నాళ్ళు పట్టొచ్చండీ?"

"రెండు, మూడేళ్ళు. అంతవరకు సాధ్యమైనంత మేర మరణాలను వాయిదా వేసుకొనవలసినదిగా గ్రామస్థులకు విజ్ఞప్తి చేయుము."

దండోరా వేయించాను. పల్లెలో జనం శ్రద్ధగానే విన్నారు. చివర్న జక్రయ్య దగ్గుతూ లేచాడు.

"అయితే బాబూ, ఆడ పూడ్చాలంటే వార్డు మెంబరైనా సాలునా?"

"చాలు పెద్దాయనా. మెంబరూ ప్రజాప్రతినిధే."

"ఎలచ్చన్లు ఎప్పుడు?"

ఫిబ్రవరిలో వచ్చాయి. పల్లె ఉన్నది ఏడో వార్డులో. ఓట్లు నూట నలభై. నామినేషన్లు అరవై ఒకటి. అందరూ అరవై దాటినవాళ్ళే. ఒకావిడని ఇద్దరు పట్టుకుని తెచ్చారు, ఒకాయన సెలైన్ పెట్టిన చేత్తోనే వేలిముద్ర వేశాడు. గుర్తులు ఇరవైతో అయిపోయాయి. మిగతా నలభై ఒక్కమందికి ఏమివ్వాలో తెలియక నేను పైకి రాశాను. బ్యాలెట్ కాగితం దుప్పటంత అవుతుందని ప్రెస్సువాళ్ళు గోల పెట్టారు. కళాధరరావు గారు జీపు వేసుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఇది ప్రజాస్వామ్యాన్ని అపహాస్యం చేయుట! ప్రజాసేవ చేయు ఉద్దేశం మీలో ఒక్కరికైనా ఉన్నదా?"

"ఉందయ్యా," అన్నాడు జక్రయ్య.

"గెలిచినచో ఏమి చేస్తావు?"

"సచ్చిపోతానయ్యా."

కళాధరరావు గారు నా వైపు చూశారు. అలాంటి హామీని నిషేధించే నిబంధన నాకెక్కడా కనపడలేదు. పైగా, అమలు చెయ్యగల హామీ ఇచ్చిన అభ్యర్థిని నా సర్వీసులో మొదటిసారి చూశాను.

ఓడిపోయినవాళ్ళ సంగతేమిటని కూడా ఆయనే పైకి రాశారు. వారంలోనే వివరణ వచ్చింది. డిపాజిట్ దక్కించుకున్నవారిని పాక్షిక ప్రజాప్రతినిధులుగా భావించి, మోకాళ్ళ వరకు వలయం లోపల, మిగతాది వలయం బయట ఖననం చేయవచ్చునట. ఇది చదివి వినిపిస్తే పల్లె అంతా విరగబడి నవ్వింది. జక్రయ్య మాత్రం నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడి, గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఆర్ఎంపీ వచ్చి చూసి, నెల గడిస్తే గొప్ప అన్నాడు.

ఆ సాయంత్రం అరవై మందీ జక్రయ్య అరుగు మీద చేరారు. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆరోగ్యమ్మ అందరి తరఫునా తేల్చేసింది.

"నాకింకో ఏడాది ఓపికుంది. ముందు నువ్వు పో మావా."

మర్నాడు అరవై మంది ఉపసంహరించుకున్నారు. ఏడో వార్డు ఏకగ్రీవం. మా మండలంలో ఎవరూ ఎవరినీ కొనకుండా అయిన ఏకగ్రీవం అదొక్కటే.

కానీ గెలిస్తే చాలదు, ప్రమాణం చెయ్యాలి. ప్రమాణం చెయ్యకుండా పోతే మామూలు శవమే. తేదీ మొదట పద్దెనిమిది అన్నారు. మంచి రోజు కాదని ఇరవై రెండుకి మార్చారు. ముఖ్య అతిథికి పెళ్ళి పిలుపు ఉందని ఇరవై ఎనిమిదికి మార్చారు. నేను రోజూ పల్లెకి వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాణ్ణి. జక్రయ్య ఊపిరి పిల్లికూతలు కూస్తూ ఉండేది. "ఎన్నిసార్లు మార్చినా ఆగుతాలే బాబూ. కాయ కోతకి పొద్దుగూకిందాకా ఆగలా?" అనేవాడు.

ఇరవై ఎనిమిదిన నులకమంచం మీద పంచాయతీ ఆఫీసుకి మోసుకొచ్చారు. ప్రమాణం నిలబడి చెయ్యాలన్నారు కళాధరరావు గారు. జక్రయ్య నిలబడలేడు. చివరికి మంచం మోసుకొచ్చిన నలుగురూ మంచాన్నే ఎత్తి గోడకి నిలబెట్టారు. జక్రయ్య జారిపోకుండా పై పంచెతో నులకకి కట్టారు. నిబంధన నెరవేరింది. నేను చదివిన ప్రతి మాటా ఆయన ఆగి ఆగి పలికాడు. "భయంగానీ, పక్షపాతంగానీ లేకుండా" అన్నచోట మాత్రం రెండుసార్లు పలికాడు.

అందరూ మిఠాయి తింటుండగా నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇప్పుడు నేను నికరంగా పెజాపెతినిదినేనా?"

"నికరంగానే పెద్దాయనా."

"ఆ కంచె లోపల నన్ను యాడ పూడ్చినా నా సుట్టూ ముప్పై మీటర్లు రూలేనా?"

"రూలే."

"అయితే ఆమె పక్కన వొద్దు. మిరప సేను గట్టు మీదకి పెట్టండి నన్ను. అంచుకి."

నాకు వెంటనే అర్థం కాలేదు. "తొమ్మిదేళ్ళ నుంచి ఆ నాలుగు రాళ్ళు..." అన్నాను.

"నేనొక్కణ్ణీ ఆమె పక్కన పడుకుంటే, మిగతావోళ్ళు వాగులో పోవాల్నా? ఆమె జాగా తెచ్చింది నాకొక్కడికి గాదు బాబూ." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆమె కాడ ముద్ర ఉంది, ఆపింది. నా కాడ ఏముంది? నా పీనుగే. ఆమెకి నేను సెప్పుకుంటాలే."

నేను గుమ్మం దాకా వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చాను.

ఎనిమిదో రోజు పొద్దున జక్రయ్య తన ఎన్నికల హామీ నిలబెట్టుకున్నాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. చాలా మండలాల్లో గౌరవ వలయాలు పెద్దమనుషుల పొలాల దగ్గర వంగిపోతున్నాయని పైవాళ్ళకి తెలిసింది. అందుకని జనవరిలో ఒక యాప్ పెట్టారు. గొయ్యి దగ్గర నిలబడి ఫోనులో బటన్ నొక్కితే రాజధానిలో కంప్యూటరే గీత గీస్తుంది. కంప్యూటరుకి దగ్గులూ సకిలింపులూ వినపడవు.

నేను గేటు తాళం తీశాను. పల్లె జనం చేను గట్టుని ఆనుకుని గొయ్యి తవ్వారు. మార్చి నెల, మిరప కోత మీద ఉంది. గట్టు అవతల కల్లంలో వీరరాఘవులు గారి కాయ ఎర్రగా ఎండుతోంది, ఏడాది పంటంతా అక్కడే ఉంది. పక్కనే బోరు, మోటారు షెడ్డు. నేను గొయ్యి అంచున నిలబడి బటన్ నొక్కాను. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో పైకి రాయకుండా, ఎవరినీ అడక్కుండా చేసిన పని అది. తెర మీద గుండ్రంగా ఎర్ర గీత పడింది. సగం శ్మశానంలో ఉంది, సగం చేలో ఉంది. కల్లం, బోరు, షెడ్డు, అన్నీ లోపల. కింద అక్షరాలు వచ్చాయి: "వలయంలోని సమస్త వస్తువులు యథాతథంగా ఉంచవలెను. ప్రవేశం నిషిద్ధం."

వీరరాఘవులు గారు పరిగెత్తుకొచ్చారు. ఆయన పరిగెత్తడం ఊరు ఎన్నడూ చూడలేదు.

"ఏందయ్యా ఇది! పెళ్ళాం పక్కన జాగా ఉంటే ఈ గట్టు మీద పూడ్చటమేంది?"

"మెంబరు గారి చివరి కోరికండీ" అన్నాను.

"ఆ కాయ ఇయ్యాళ ఎత్తకపోతే ఏమైద్దో ఎరుకేనా? రేపు వానంటున్నారు!"

కళాధరరావు గారు అప్పటికే వచ్చి ఉన్నారు, మృతుడు ప్రజాప్రతినిధి గనక రావాలి. ఆయన ఫోను వైపు చూశారు, కల్లం వైపు చూశారు, చెమట తుడుచుకున్నారు. "సాంకేతికంగా తమరు ప్రస్తుతం నిషిద్ధ వలయంలో నిలబడియున్నారు" అన్నారు వీరరాఘవులు గారితో. ఎంత భయపడినా భాష మారలేదు.

వీరరాఘవులు గారు వియ్యంకుడికి ఫోను చేశారు. వియ్యంకుడు ఇంకెవరికో చేశారు. పల్లె జనం పాడె కింద దించి, చుట్టూ కూర్చుని పాటలు పాడుకుంటున్నారు. ఎవరికీ తొందర లేదు. దానమ్మ కొడుకులు నీళ్ళలో దిగి తల్లిని వెతుక్కున్నప్పుడు నేను రాసిన ఉత్తరానికి నాలుగు నెలలైనా జవాబు లేదు. మిరపకాయలకి గంటా నలభై నిమిషాల్లో వచ్చింది. కళాధరరావు గారి ఫోనులోనే జీవో, సంతకంతో సహా. ఆయన గట్టెక్కి చదివారు:

"ప్రజల మనోభావాలను దృష్టిలో ఉంచుకొని సమాధి గౌరవ పథకం తక్షణం రద్దు చేయడమైనది. గౌరవ వలయాలన్నియు తొలగించబడినవి. సదరు శ్మశానాలు యథాపూర్వం గ్రామస్థుల వినియోగంలో ఉండును."

అప్పుడు ఆరోగ్యమ్మ లేచింది. కర్ర పోటేసుకుంటూ ఆ నాలుగు రాళ్ళ దగ్గరికి నడిచింది.

"ఇంకా సూస్తారేంట్రా? ఆ గొయ్యి పూడ్చి ఇక్కడ తవ్వండి. ఆయన జాగా ఇది."

పూడ్చవలసిన గొయ్యి పూడ్చారు, తవ్వవలసిన గొయ్యి తవ్వారు. నేనూ నాలుగు తట్టల మట్టి మోశాను. సాయంత్రానికి జక్రయ్య ఎస్తేరమ్మ పక్కకి చేరాడు. గేటు తాళాన్ని నేను వాగులోకి విసిరేశాను. స్టాకు రిజిస్టరులో "వరదలో కొట్టుకుపోయినది" అని రాసుకున్నాను. దానమ్మ కొడుకులు మర్నాడే తల్లిని ఇసకలోంచి తీసి తెచ్చుకున్నారు.

పథకం రద్దయినా ఫారాలు రద్దు కాలేదు. రద్దయిన పథకం కింద గుర్తించిన సమాధులకి తుది నివేదిక పంపమన్నారు. పంతొమ్మిది గడులు మళ్ళీ నింపాను. పేరు, పదవి, పదవిలో ఉన్న కాలం ఎనిమిది రోజులు, పొడవు, వెడల్పు, లోతు. పద్నాలుగో గడి దగ్గర కలం ఆగింది. ఇరవై రెండేళ్ళుగా బడి మీద, బోరు మీద, రోడ్డు మీద, ఆసుపత్రి మీద ఆ గడిలో ఒకే మాట రాస్తున్నాను, చూడకుండా రాస్తున్నాను. ఈసారి లేచి శ్మశానానికి వెళ్ళాను. రెండు సమాధులకీ పల్లెవాళ్ళు సున్నం వేశారు. మధ్యన జానెడు జాగా కూడా లేదు.

వెనక్కి వచ్చి "సంతృప్తికరం" అని రాశాను.